ఫోర్డ్ జీపీఏతో పదేళ్లు: ఇది చెరువు బండి

నీళ్లలో నడిచే జీపు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందుగా ఇంజన్ స్టార్ట్ చేయించి వింటారు. నేనూ అదే చేశాను. చేయాల్సిన పని వేరే ఉంది. కింద గోనెపట్టా పరుచుకుని పడుకోవాలి, బండి పొట్ట మొత్తం చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. ఇంజన్ ఎప్పుడైనా బాగవుతుంది. పొట్ట పోతే బండి పోయినట్టే.

నాది 1943 నాటి ఫోర్డ్ జీపీఏ. 2015లో అస్సాంలోని ఒక టీ తోట షెడ్డు నుంచి లారీ మీద చెన్నై వచ్చింది. మామూలు యుద్ధకాలపు జీపు యంత్రాలనే తీసుకుని, వాటి చుట్టూ ఇనుప రేకుతో పడవ కట్టారు. ఆ పడవ రూపం గీసింది పందెం పడవలకు పేరున్న స్పార్క్‌మన్ అండ్ స్టీఫెన్స్ సంస్థ. 1942, 43లలో పన్నెండు వేలకు పైగా తయారయ్యాయి. మొదట అనుకున్న బరువు 1,200 కిలోలు, చివరికి తేలింది సుమారు 1,600. బరువు పెరిగినా పడవ సైజు పెంచలేదు. అందుకే నీళ్లలోకి దిగితే అంచుకీ నీటికీ మధ్య ఖాళీ చాలా తక్కువ. చిన్న అల వచ్చినా లోపలికి కొడుతుంది. సముద్రపు ఒడ్డున అమెరికా సైన్యానికి ఇది నచ్చకపోవడానికి కారణం ఇదే. నదులు దాటే రష్యావాళ్లకు మాత్రం బాగా నచ్చింది. యుద్ధం తర్వాత ఇదే పోలికతో గాజ్-46 అనే సొంత నీటి జీపు చేసుకున్నారు.

చెన్నైలో మొదటి వర్క్‌షాపు వాళ్లు నాకు పెద్ద దెబ్బ వేశారు. తుప్పు తిన్న చోట్ల రేకు కోసి కొత్తది వెయ్యమంటే, పైపైన ప్యాచ్ వేసి మందంగా పుట్టీ మెత్తి, మిలిటరీ పచ్చ కొట్టి ఇచ్చారు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. అసలే సముద్రపు గాలి, ఒక్క వానాకాలానికే పుట్టీ ఉబ్బి పెచ్చులు లేచింది. ఏడాది కష్టం, డబ్బు రెండూ పోయాయి.

తర్వాత దొరికిన టింకరింగ్ మేస్త్రీ చిత్తూరు వైపు మనిషి, పుదుపేటలో పనిచేస్తాడు. ఆయన ముందు పెయింటంతా గీకించాడు. ఒక్కసారిగా గీత లాగితే రేకు వంకర పోతుందని, వేలెడు దూరానికి ఒక చుక్క చొప్పున వెల్డింగ్ పెడుతూ, చల్లారనిస్తూ పోయాడు. నేల పలకలు మార్చడానికే నాలుగు నెలలు పట్టింది. లీకు చూడ్డానికి ఆయన చెప్పిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. బండిని స్టాండ్ల మీద ఎక్కించి, లోపల జానెడు ఎత్తు నీళ్లు పోశాం. ‘బయట్నుంచి లోపలికొచ్చే నీళ్లు కనపడవు సార్, లోపల్నుంచి బయటికొచ్చేవి కనపడతాయి’ అన్నాడు. చుక్క కారిన ప్రతిచోటా సుద్దముక్కతో గుర్తు పెట్టాం. మొదటిసారి ముప్పై ఒక్క గుర్తులు. ఐదోసారికి ఒక్కటీ లేదు.

ఇంజన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్, అరవై హార్స్‌పవర్. మహీంద్రా వాళ్లు దశాబ్దాల పాటు ఇక్కడే ఆ యుద్ధకాలపు జీపు వంశానికే చెందిన విల్లీస్ జీపులు చేయడం మన అదృష్టం, సామాన్లు చాలావరకు దొరుకుతాయి. దొరకనివి ప్రొపెల్లర్, చుక్కాని, ముందు తాడు లాగే క్యాప్‌స్టన్. వాటికి విదేశాలే దిక్కు. ఫోర్డ్ వాళ్లు బోల్టు తలల మీద కూడా ‘ఎఫ్’ అచ్చు వేసేవారు. అలాంటి పాత బోల్టు కనపడితే నేను శుభ్రం చేసి మళ్లీ అదే వాడతాను. కరెంటు ఆరు వోల్టులే. పన్నెండుకి మార్చేయమని అందరూ అన్నారు, మార్చలేదు. మందమైన కేబుళ్లు వేసి ఎర్త్ సరిగ్గా ఇస్తే ఇబ్బంది లేదు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మాత్రం పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ మెత్తబడి పాడయ్యాయి. ఇథనాల్‌ను తట్టుకునే రకం వేశాక ఆ టెన్షన్ తగ్గింది.

నీళ్లలోకి తొలిసారి దించింది గూడూరు దగ్గర మా బాబాయ్ చేపల గుంటలో. ఆయన గట్టు మీద నిలబడి, ‘అబ్బయా, తాడు కట్టి దించరా’ అని అరుస్తూనే ఉన్నారు. ముందు చక్రాలు నేల వదిలిన క్షణం స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు ప్రొపెల్లర్ లివర్ వేయాలి. గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగం అంతే. కానీ ఎనభై ఏళ్ల క్రితం చేసిన ఇనుము మనల్ని కూర్చోబెట్టుకుని తేలుతుంటే గొంతులో మాట రాదు. బాబాయ్ రెండో చుట్టుకి నాతో కూర్చున్నారు.

తర్వాతి పని ఎవరూ చెప్పరు. గట్టెక్కగానే బ్రేకులు పట్టవు. కాసేపు నొక్కి పట్టుకుని నడిపి డ్రమ్ములు ఆరబెట్టాలి. ప్రతిసారీ యాక్సిల్ ఆయిల్ తీసి చూడాలి. మజ్జిగలా తెల్లబడిందంటే నీళ్లు దూరినట్టే, మార్చాలి. చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు కావాలి. గంట ఆనందానికి ఒక రోజంతా పని. నాకు ఆ రోజు కూడా ఇష్టమే.

మెరీనాలో దించవచ్చుగా అని చెన్నైలో ప్రతి ఒక్కరూ అడుగుతారు. బెన్ కార్లిన్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు ఇలాంటి బండిలోనే 1950లో అట్లాంటిక్ మీదికి బయల్దేరి, 1958కి ప్రపంచం చుట్టివచ్చాడు. యుద్ధం ముగిశాక ఈ బండి మీద ఆయనకు మనసు పడింది మన దేశంలోనే. ఆయన దానికి అదనపు ట్యాంకులు, పైన క్యాబిన్ కట్టుకున్నాడు. నా బండి ఫ్యాక్టరీలో పుట్టినట్టే ఉంది, అలాగే ఉంచుతాను. అలల్లోకి తీసుకెళ్లను. ఉప్పునీళ్లయితే పులికాట్‌లో కూడా వద్దు.

కొనాలనుకుంటే, యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు ముందే చదవండి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు ఇరవై వేలు, నంబర్ ప్లేటు మీద ‘వీఏ’ అని ఉంటుంది. రోజువారీ తిరగడానికి కుదరదు. మీకు దగ్గర్లో మంచినీళ్ల చెరువు, ఓపికున్న వెల్డర్ ఉంటేనే దిగండి.

నా బండికి వెనక షాఫ్ట్ సీలు పోయిన డిసెంబర్ నుంచి బొట్టుబొట్టుగా కారుతోంది. కొత్త సీలు వచ్చింది. సంక్రాంతికి గూడూరు వెళ్లేలోపు మార్చాలి, బాబాయ్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు.