మొక్కల గదిలో ఆయిల్ హీటర్, కొన్ని చలికాలాలు వాడాక

కోనసీమలో హీటరేంటండీ అని నవ్వేవాళ్ళు ముందు నవ్వేసుకోండి, మా ఇంట్లోవాళ్ళూ నవ్వారు. మాది రావులపాలెం దగ్గర, కాలవ గట్టు మీదే ఇల్లు. మేడ మీద గదిలో ఎల్ఈడీ గ్రో లైట్ల కింద ఫెలనాప్సిస్ ఆర్కిడ్లు, ఆంథూరియాలు, కలాంచోలు పెంచుతున్నా, చాలావరకు కడియం నర్సరీల్లో కొన్నవే. ఇక్కడి చలికి మొక్కలు చచ్చిపోవు, ధనుర్మాసంలో కూడా మా గది 18 డిగ్రీల కిందకి దిగడం తక్కువే. బాధల్లా చెమ్మతోనే. లైట్లు ఆపేశాక గది చల్లబడుద్ది, గాలిలో నీరు మాత్రం ఎక్కడికీ పోదు, అర్ధరాత్రయ్యేసరికి హ్యుమిడిటీ (గాలిలో తేమ) మీటర్ 95 శాతం చూపిస్తది. పొద్దున్నే చూస్తే ఆర్కిడ్ మొవ్వులో నీళ్ళు నిలబడి ఉండేవి, కుళ్ళు అక్కడే మొదలయ్యేది, ఆకు ఇలా పట్టుకుంటే అలా ఊడి చేతిలోకి వచ్చేసేది, వాసనొకటి మళ్ళీ.

అందుకని 9 ఫిన్నుల (రేకుల) ఆయిల్ హీటర్ కొన్నా, లోపలున్న నూనె వేడెక్కి ఆ రేకుల్లోంచి గదికి వేడి వస్తది. 800 వాట్ల మీదే పెడతా, 2000 అవసరం ఎప్పుడూ రాలేదు. గది 18 నుంచి 22కి వస్తే చాలు, అదే గాలి, అదే నీరు, కానీ తేమ 95 నుంచి 75 దగ్గరికి దిగుద్ది, ఎందుకంటే వేడి గాలికి నీటిని పట్టుకునే శక్తి ఎక్కువ. గోడవైపు తిప్పి ఒక చిన్న ఫ్యాన్ కూడా వేస్తా, లేకపోతే మొక్కల ర్యాక్‌లో పై అర వేడెక్కి కింద అర అలాగే ఉండిపోద్ది.

ఇంకా ఎక్కువ వేడి పెడితే ఇంకా మంచిదనుకోకండి. ఫెలనాప్సిస్ పూకాడ వెయ్యాలంటే కొన్ని వారాలు చల్లగానే ఉండాలి, ఇరవయ్యారూ ఇరవయ్యేడూ పెట్టి కూర్చుంటే ఆకులే వస్తాయి. పైగా ఆర్కిడ్లూ కలాంచోలూ పగలు మూసుకుని రాత్రి చీకట్లో ఆకు రంధ్రాలు తెరిచే రకం, సరిగ్గా అప్పుడే వేడి గాలి మీదకి కొడితే ఉన్న నీరంతా లాగేస్తది. అందుకే ఫ్యాన్ హీటర్ వద్దంటా, ఆయిల్ దైనా మూడు నాలుగడుగులు దూరం పెట్టండి.

ఇక అసలు సంగతి వెలుతురు. మా బావమరిది చవగ్గా వస్తుందని ఎర్రగా వెలిగే రాడ్ హీటర్ తెచ్చి కలాంచోల ఎదురుగా పెట్టాడు. కలాంచో మొగ్గ తొడగాలంటే రోజూ 14 గంటల దాకా కటిక చీకటి ఉండాలి, అలా ఓ ఆరు వారాలు. ఆ చీకటిని చెడగొట్టడంలో ఎర్ర వెలుతురు అన్నిటికంటే ముందుంటది. చామంతి రైతులు రాత్రిపూట తోటలో బల్బులు వేసి పూత ఆపుతారు చూడండి, వీడు అదే పని ఇంట్లో చేశాడన్నమాట. ర్యాక్ కాలు నీడ పడిన రెండు కుండీలు మాత్రం నిండా పూశాయి, మిగతావన్నీ పచ్చగా పొదల్లా తయారయ్యాయి. ఆయిల్ హీటర్‌కి ఆ గొడవ లేదు, స్విచ్చి దగ్గర చిన్న లైటుంటది, దాని మీద నల్ల టేపు అంటించేశా.

లోపాలు లేవని కాదు. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మీద డిగ్రీలుండవు, నాబ్ అటూ ఇటూ తిప్పి మీటర్ చూసుకుంటూ మార్కర్‌తో గీత పెట్టుకోవాల్సిందే. వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు టక్కు టక్కుమంటది, పక్కనే పడుకునేవాళ్ళకి కష్టం. కరెంట్ బిల్లు మాత్రం అనుకున్నంత రాలేదు, 800 మీద గంటంతా ఆగకుండా నడిచినా ముప్పావు యూనిట్ పైన కాస్త, పైగా మధ్యమధ్యలో దానంతటదే ఆగుద్ది కదా.

ప్లగ్గు విషయంలో కక్కుర్తి పడొద్దు, గోడకున్న 16 ఆంప్స్ పవర్ ప్లగ్గుకే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్సులు కరిగిపోతాయి. తడి గదిలో ఎర్తింగ్ చూపించుకోండి. హీటరెందుకు కుంపటి పెడితే పోలా అని మా పెదనాన్న అన్నారు, తలుపులేసిన గదిలో బొగ్గులు పెడితే ముందు మనిషికే ప్రమాదం, ఆ పొగలో ఉండే ఇథిలీన్ అనే వాయువుకి ఆర్కిడ్ మొగ్గలు కూడా రాలిపోతాయి.

మనీ ప్లాంటూ స్నేక్ ప్లాంటూ మాత్రమే ఉంటే ఇదేమీ కొనక్కర్లేదు, ఫ్యాన్ చాలు. కొనేవాళ్ళు రిమోటూ డిస్‌ప్లే ఉన్న మోడల్ కాకుండా నాబ్ తిప్పేదే తీసుకోండి. డిస్‌ప్లే రాత్రంతా వెలుగుతుంటది, పైగా అర్ధరాత్రి కరెంట్ పోయి వస్తే చాలావాటిని మళ్ళీ మనమే లేచి ఆన్ చెయ్యాలి, నాబ్ దైతే దానంతటదే అందుకుంటది.