జాన్ డీర్ ఎస్120: ఆయిల్ మార్పు సులువే, కానీ...

ఇది కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రం. 22 హెచ్‌పీ వీ-ట్విన్ (రెండు సిలిండర్ల) ఇంజిన్, 42 అంగుళాల డెక్ (బ్లేడ్లు తిరిగే కింది భాగం). అమెరికాలో అర ఎకరం దాటిన లాన్ ఉన్నవాళ్లకు మంచి బండి. ఫిల్టర్ తిప్పి తీస్తే దాంతోపాటే 0.8 క్వార్టు (సుమారు ముప్పావు లీటరు) ఆయిల్ వచ్చేస్తుంది, కొత్తది బిగిస్తే చాలు. ఎంతో సౌకర్యం. అయితే మిగతా పాత ఆయిల్ లోపలే ఉండిపోతుంది. ఏడాదికోసారి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) గొట్టంలోంచి పంపుతో మొత్తం లాగేయడమే ఇంజిన్‌కి మేలు.

బ్లేడ్లు తిరుగుతుండగా రివర్స్ తొక్కితే ఇంజిన్ ఆగిపోతుంది. అది లోపం కాదు, పిల్లల భద్రత కోసం పెట్టినది. రివర్స్‌లోనూ కోయాలంటే, అందుకోసమే ఉన్న ఆర్‌ఐఓ స్విచ్ నొక్కి, వెనక్కి చూసుకుంటూ వెళ్లాలి.

గడ్డి ఒక పక్క ఎత్తుగా తెగుతోందా? డెక్ సర్దేముందు టైర్లలో గాలి చూడండి, చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది. చలికాలం ముందు పెట్రోల్‌లో స్టెబిలైజర్ (అది పాడవకుండా ఉంచే ద్రావణం) కలిపి కాసేపు ఇంజిన్ నడపాలి. లేదంటే కార్బురేటర్ జిగురుపట్టి వసంతంలో స్టార్ట్ కాదు.