అడ్డా కూలీనా, నెల జీతమా?

పొద్దున ఏడింటికి హైదరాబాద్ కూకట్‌పల్లిలో, రోజుకూలీలు పని కోసం చేరే అడ్డా మీద టిఫిన్ డబ్బాతో నిలబడ్డవాళ్ల కూలి, ఆ రోజు ఎంతమంది వచ్చారన్న దాన్నిబట్టే తేలుతుంది. పనులు జోరుగా ఉంటే బేరం వాళ్లది, వాన పడితే మేస్త్రీది. అదే ఇసుక తట్ట మోసినా ఆడమనిషికి తక్కువే ఇస్తారు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది కదా! ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

సెక్యూరిటీ గార్డు లాంటి నెల జీతం పనిలో పీఎఫ్‌కు (భవిష్యత్తు కోసం దాచే పొదుపు) 12 శాతం, ఈఎస్ఐకి (కార్మికుల ఆరోగ్య బీమా) 0.75 శాతం కోత. కానీ జీతం 21,000 రూపాయలు దాటకపోతే భార్యాపిల్లలకూ సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. అడ్డా మీద జ్వరమొస్తే కూలీ పోతుంది, మందుల ఖర్చూ నెత్తిన పడుతుంది. పిల్లలున్న ఇంటికి నెల జీతమే మేలంటాను, కాంట్రాక్టర్ పీఎఫ్ డబ్బు నిజంగా కడుతున్నాడో లేదో దాని పాస్‌బుక్‌లో చూసుకుంటూ ఉంటే.