నిఫ్టీ 50, నిఫ్టీ ఈక్వల్ వెయిట్: లెక్కలో తేడా ఎక్కడ, మీ డబ్బుకు ఏది మేలు?

ఒక ఇండెక్స్‌లోని షేర్లనే అదే వాటాల్లో కొనే ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కొంత పెట్టడం) మొదలుపెట్టాలనుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువగా తేల్చుకోలేకపోతున్నది ఇక్కడే: మామూలు నిఫ్టీ 50 ఫండా, ఈక్వల్ వెయిట్ ఫండా? రెండింటిలోనూ నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలోని అవే యాభై పెద్ద కంపెనీలు. తేడా అంతా లెక్కలోనే. ఆ లెక్క చూడకుండా గత రాబడుల పట్టిక చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. నాకైతే అది చాలా ప్రమాదకరమైన పద్ధతి అనిపిస్తుంది.

మామూలు నిఫ్టీలో కంపెనీ ఎంత పెద్దదైతే వాటా అంత పెద్దది. 2009 నుంచి దీన్ని ఫ్రీ ఫ్లోట్ పద్ధతిలో లెక్క కడుతున్నారు. అంటే ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) చేతిలో ఉన్న షేర్లను పక్కనపెట్టి, మార్కెట్‌లో చేతులు మారే షేర్ల విలువే చూస్తారు. అందుకే ఒక్క హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకే పది శాతానికి పైగా వాటా ఉంటే, మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌కు ఒక శాతం కూడా దక్కదు. ఈక్వల్ వెయిట్‌లో రెండింటికీ తలా 2 శాతమే.

చిన్న లెక్క వేసి చూద్దాం. మూడే కంపెనీలున్న ఇండెక్స్ అనుకోండి. ఫ్రీ ఫ్లోట్ విలువ మొదటిదానిది 60 వేల కోట్లు, రెండోదానిది 30 వేల కోట్లు, మూడోదానిది 10 వేల కోట్లు. ఇండెక్స్ 1000 దగ్గర మొదలైంది. మూడు నెలల్లో మొదటిది 10 శాతం పెరిగింది, రెండోది 5 శాతం తగ్గింది, మూడోది 20 శాతం పెరిగింది. మామూలు పద్ధతిలో లక్ష కోట్లు కాస్తా 1,06,500 కోట్లయింది కాబట్టి ఇండెక్స్ 1065. ఈక్వల్ వెయిట్‌లో తలా 1000 రూపాయల చొప్పున 3000 పెట్టినట్టు లెక్క. అవి 1100, 950, 1200 అయ్యాయి. మొత్తం 3250. ఇండెక్స్ 1083.33.

అవే షేర్లు, అవే ధరలు, 18 పాయింట్ల తేడా. చిన్న కంపెనీ బాగా పెరగడమే దీనికి కారణం. అదే కంపెనీ 20 శాతం పడి ఉంటే ఈక్వల్ వెయిటే ఎక్కువ దెబ్బ తినేది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈక్వల్ వెయిట్ అంటే రోజూ యాభై షేర్ల శాతాలు కూడి యాభైతో భాగించడం అనుకుంటారు. అలా చేస్తే రోజూ వాటాలు సరిచేసినట్టవుతుంది, అంత కొనుగోలు అమ్మకం ఏ ఫండూ చేయలేదు. అసలు పద్ధతి వేరు. వాటాలను మళ్లీ సమానం చేసే సర్దుబాటు రోజున ప్రతి కంపెనీ విలువకూ ఒక గుణకం తగిలించి అన్నింటినీ సమానం చేస్తారు. తర్వాత మళ్లీ సర్దుబాటు వరకూ ఆ గుణకాన్ని ముట్టుకోరు, ధరలతోపాటు వాటాలు వాటంతటవే జరుగుతుంటాయి. మన లెక్కలో 1200 అయిన కంపెనీ అప్పటికి 33 శాతం కాదు, దాదాపు 37 శాతం. అప్పుడు 3250ని మూడుతో భాగిస్తే తలా 1083.33. మూడోదాంట్లో 116.67, మొదటిదాంట్లో 16.67 అమ్మి, పడిపోయిన రెండోదాంట్లో ఆ 133 రూపాయలూ పెట్టాలి. నిఫ్టీ ఈక్వల్ వెయిట్‌లో ఈ సర్దుబాటు మూడు నెలలకోసారి. అమెరికాలోని ఐదొందల పెద్ద కంపెనీల ఇండెక్స్ ఎస్ అండ్ పీ 500కి 2003లో వచ్చిన ఈక్వల్ వెయిట్‌కూ అంతే, అక్కడ ఒక్కో కంపెనీకి 0.2 శాతం.

సమాన వాటా అంటే ఎటూ మొగ్గని పద్ధతి అనుకుంటాం గానీ, నిజానికి ఇది గెలిచినవి అమ్మి ఓడినవి కొనే వ్యూహం. ధరలు ఎగుడుదిగుడుగా తిరుగుతుంటే ఇది లాభిస్తుంది. కొద్ది కంపెనీలే ఏళ్ల తరబడి పరుగెడుతుంటే వాటిని పదేపదే కత్తిరించి నష్టపోతుంది. 2023లో ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపి 26 శాతం ఇస్తే, దాని ఈక్వల్ వెయిట్ 14 శాతం దగ్గరే ఆగింది. ఎన్విడియా, మైక్రోసాఫ్ట్ లాంటి కొద్ది కంపెనీలే మార్కెట్‌ను లాగిన ఏడాది అది. అంతకు ముందేడు, 2022లో మాత్రం మామూలు ఎస్ అండ్ పీ 500 18 శాతం పడితే ఈక్వల్ వెయిట్ 11 శాతం నష్టంతో బయటపడింది.

ఇంకో సంగతి: సమానత్వం కంపెనీల మధ్యే గానీ రంగాల మధ్య కాదు. మామూలు నిఫ్టీలో మూడో వంతుకు పైగా బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలే. ఈక్వల్ వెయిట్‌లో అది ఐదో వంతు దగ్గరికి దిగుతుంది, కానీ అది ఎవరూ అనుకుని పెట్టిన హద్దు కాదు. యాభైలో ఆ రంగం కంపెనీలు ఎన్ని ఉంటే అన్ని రెండు శాతాలు, అంతే.

నన్నడిగితే, ఒకే ఒక్క ఇండెక్స్ ఫండ్ పెట్టుకునేవాళ్లకు మామూలు నిఫ్టీయే మేలు. ధర మారితే వాటా దానంతటదే మారుతుంది గనుక కొనడం అమ్మడం తక్కువ, ఖర్చూ తక్కువ. మార్కెట్ ఎలా ఉందో చెప్పడానికి కూడా అదే సరైన కొలత. ఇప్పటికే బ్యాంకు షేర్లో, బ్యాంకింగ్ ఫండో దండిగా ఉన్నవాళ్లు కొత్త డబ్బును ఈక్వల్ వెయిట్‌లో పెట్టడం అర్థవంతం. అయితే రెండూ చెరిసగం తీసుకుని యాభై కంపెనీలను వందగా మార్చుకున్నామనుకోకండి.

పోల్చేటప్పుడు డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ అంకెలే రెండువైపులా చూడండి, ఫండ్ ఖర్చు తీసేశాక మిగిలేదే చూడండి. నేనే యాభై షేర్లు కొని సమానం చేసుకుంటానంటే మాత్రం వద్దంటాను. ఫండ్ లోపల అమ్మితే ఆ లాభం మీద మీకు అప్పటికప్పుడు పన్ను పడదు. మీ డీమ్యాట్ (షేర్లు దాచుకునే ఖాతా)లో అయితే, కొన్న ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభం మీద 2024 జులై 23 నుంచి 20 శాతం పన్ను, మూడు నెలలకోసారి సమానం చేసిన ప్రతిసారీ.