'వన్ లవ్': యాసకు నాలుగు, కథకు రెండున్నర

జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఆరేళ్లు ఒక మందుల గోడౌన్‌లో లెక్కలు రాసి, రెండేళ్ల కిందట విజయవాడ వచ్చేశాను. అప్పట్నుంచీ జమైకా పాత్ర ఉన్న సినిమా ఏది పెట్టినా కథ మీద ధ్యాస ఉండదు, చెవులు మాత్రం నిక్కబొడుచుకుంటాయి. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. మొన్న ఆదివారం జమైకా రెగె గాయకుడు బాబ్ మార్లే మీద తీసిన 'బాబ్ మార్లే: వన్ లవ్' (2024) చూశాం. పదిసార్లన్నా వెనక్కి తిప్పి విన్నాను, ఆవిడ లేచి వెళ్లి పడుకుంది.

సినిమా గురించి చెప్పేముందు అక్కడి మా ఇంటి ఓనరమ్మ గురించి చెప్పాలి. డెబ్బై ఏళ్ల మనిషి. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే రేడియోలో వార్తలు చదివినట్టు ఇంగ్లీష్. ఫోన్ పెట్టీ పెట్టకముందే పెరట్లో మనవల మీద కేక: "ఉనూ కమ్ న్యామ్!" ఉనూ అంటే మీరంతా, న్యామ్ అంటే తినడం. నాతో మాత్రం ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఆగేది. నాలుగో ఏడు నడుస్తుండగా ఒకరోజు కుళాయి కారుతోందని చెబితే, ప్లంబర్‌ని తిడుతూ నా ముందే పూర్తిగా పాట్వాలోకి, అంటే ఇంగ్లీష్‌లోంచి పుట్టిన జమైకా వాడుక భాషలోకి దిగిపోయింది. సగం అర్థం కాలేదు కానీ, ప్రమోషన్ వచ్చినంత సంబరపడ్డాను. (ప్లంబర్ "సూన్ కమ్" అన్నాడు. వచ్చింది మూడో రోజు.)

ఎదుటి మనిషిని బట్టి మాట ఇలా ఇంగ్లీష్‌కి ఎక్కడం, పాట్వాకి దిగడం హాలీవుడ్‌కి పట్టదు. 'కూల్ రన్నింగ్స్' (1993) తీసుకోండి. 1988 కాల్గరీ వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్లిన జమైకా బాబ్‌స్లెడ్ (మంచు దారిలో జారే బండి పందెం) జట్టు కథ. నాకిప్పటికీ ఇష్టమే, కాదనను. కానీ నలుగురు హీరోల్లో జమైకాలో పుట్టినవాడు ఒక్కడూ లేడు. తండ్రితోనైనా, కోచ్‌తోనైనా, తమలో తామైనా అందరిదీ ఒకే మోతాదు యాస. 'లిటిల్ మెర్మెయిడ్' (1989)లో సెబాస్టియన్ అనే పీత ఉంది చూశారూ, అచ్చం దానిలా మాట్లాడమని స్టూడియో నుంచి ఒత్తిడి వచ్చిందని 'కూల్ రన్నింగ్స్' వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. ఆ పీతకి గొంతు ఇచ్చిందేమో అమెరికా నటుడు. 'మీట్ జో బ్లాక్' (1998)లో ఆసుపత్రి మంచం మీదున్న జమైకా ముసలామెతో బ్రాడ్ పిట్ పాట్వా మాట్లాడే సీను రాగానే నేను మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లిపోయాను.

అసలు కరీబియన్ యాస అని ఒకటి ఉంటేగా! కింగ్‌స్టన్ నుంచి ట్రినిడాడ్‌లోని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి 1,800 కిలోమీటర్లకు అటూ ఇటూ. క్రికెట్ చూసేవాళ్లకి తేడా ఇట్టే తెలుస్తుంది: మైకేల్ హోల్డింగ్‌ది జమైకా, ఇయాన్ బిషప్‌ది ట్రినిడాడ్. ఇద్దరి పాత కామెంటరీ ఒకటి తర్వాత ఒకటి పెట్టుకుని వినండి.

ఇక 'వన్ లవ్'. బాబ్‌గా చేసిన కింగ్స్‌లీ బెన్-అడీర్, భార్య రీటాగా చేసిన లషానా లించ్ ఇద్దరూ లండన్‌లో పుట్టినవాళ్లే. అందుకే అనుమానంతోనే కూర్చున్నాను. 'కార్'ని 'క్యార్' అనడం, 'గర్ల్'ని 'గ్యాల్' అనడం ఎవరైనా నేర్చుకుంటారు. వీళ్లు దానితో ఆగలేదు. విలేకరుల ముందు ఒక బాబ్, బ్యాండ్ వాళ్ల మధ్య ఇంకో బాబ్. ప్యారిస్‌లో రాత్రిపూట నడివీధిలో మొగుడూ పెళ్లాం పోట్లాడుకునే సీను ఉంది. గొంతులు లేచేకొద్దీ మాట చిక్కబడుతుంది, చివరి అక్షరాలు గొంతులోనే ఉండిపోతాయి. అక్కడ నాకు మా ఓనరమ్మ పెరడు గుర్తొచ్చింది. చుట్టూ షెల్డన్ షెపర్డ్, సెవానా లాంటి జమైకా వాళ్లని పెట్టుకోవడం కూడా కలిసొచ్చి ఉంటుంది. పక్కవాడు అసలు సరుకైతే మనం నకిలీ అమ్మలేం.

లోటు లేదా అంటే ఉంది. పాత ఇంటర్వ్యూల్లో అసలు మార్లే ఇంతకంటే వడిగా, ఇంకా చిక్కగా మాట్లాడతాడు. ఇక్కడ పరాయి దేశాల ప్రేక్షకుడి కోసం కాస్త నీళ్లు కలిపారు. కథలోనైతే కాస్త కాదు, బాగానే కలిపారు. 1976 డిసెంబర్ 3న దుండగులు ఇంట్లోకి చొరబడి కాల్పులు జరిపితే, రెండు రోజులకే కట్టుతో స్టేజీ ఎక్కిన మనిషి. అలాంటివాడి జీవితాన్ని ఇంత మెత్తగా తీయడానికి, నిర్మాతల్లో సొంత కుటుంబమే ఉండటం కారణమని నా అనుమానం.

నీళ్లు కలపనిది కావాలంటే 'ది హార్డర్ దే కమ్' (1972) చూడండి. జమైకా దర్శకుడు, జమైకా హీరో జిమ్మీ క్లిఫ్. ఇంగ్లీష్ సినిమాయే అయినా అమెరికాలో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ వేసి ఆడించాల్సి వచ్చింది. 'వన్ లవ్'కి మాత్రం సబ్‌టైటిల్స్ ఆపేయండి. కళ్లు కిందకే పోతుంటే చెవి పనిచేయదు. మొదటి పావుగంట ఇబ్బంది పడతారు, తర్వాత అలవాటవుతుంది.

ఓనరమ్మకి వాట్సాప్‌లో అడిగాను, సినిమా చూశారా, ఆ కుర్రాడి మాట ఎలా ఉందని. ఆవిడ టైప్ చేయదు. నాలుగు సెకన్ల వాయిస్ వచ్చింది. ముందు పళ్ల సందున గాలి పీల్చిన చప్పుడు, తర్వాత రెండే మాటలు: "ఇమ్ ట్రై." ప్రయత్నించాడులే, అని.