ఐబనెజ్ క్యూ52: తల లేని గిటారు చేతికి వచ్చాక

మొదటిసారి చూసినప్పుడు ఈ గిటారు నాకు బొత్తిగా నచ్చలేదు. నెల్లూరులో ఒక కల్యాణమండపంలో మా ఆర్కెస్ట్రా సౌండ్ చెక్ చేసుకుంటుండగా, కొత్తగా మాతో చేరిన కుర్రవాడు భుజాన ఉన్న సంచిలోంచి దీన్ని బయటికి తీశాడు. తీగల కింద సాగే పొడవాటి కర్ర, అంటే నెక్ చివర, శ్రుతి చేసే ట్యూనింగ్ కీలు ఉండవలసిన తల లేదు. ఉన్నట్టుండి నరికేసినట్టుగా అక్కడికక్కడ ఆగిపోయింది. బాడీ సైతం అరిగిన సబ్బుబిళ్లలా చిన్నగా, అటూ ఇటూ చెక్కేసినట్టుగా ఉంది. పక్కనే కుర్చీలు వేయిస్తున్న పెళ్లికూతురి పెదనాన్నగారు దగ్గరికి వచ్చి, "ఏంది నాయనా, దీనికి తలకాయ ఏదీ?" అని అడిగారు. శుభకార్యం జరిగే చోట మొండెం లాంటి వస్తువును వేదిక ఎక్కించడం ఆయనకు ఇష్టం లేదని ఆ గొంతులోనే తెలిసిపోయింది. పైకి ఏమీ అనలేదు గానీ, నా మనసులోనూ అదే మాట ఉంది.

"ఒక్క పాట వాయించి చూడన్నా" అని ఆ కుర్రవాడు బతిమాలితే కాదనలేక మెడకు తగిలించుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా పెళ్లిళ్లలోనూ, ఆదివారాలు కావలిలో మా చర్చిలోనూ గిటారు వాయిస్తున్న నాకు తెలియకుండానే ఒక అలవాటు పాతుకుపోయింది: ఎడమ అరచేయి ఎప్పుడూ నెక్‌ను కింది నుంచి కొద్దిగా ఎత్తిపట్టి ఉంచుతుంది. నా పాత గిటారు తల బరువుగా ఉండి నేలవైపు వాలుతుంది కాబట్టి, స్వరాలు పట్టవలసిన చేయి సగం శక్తిని మోయడానికే ఖర్చు చేస్తుంది. అలవాటు కొద్దీ దీన్ని కూడా అలాగే ఎత్తబోతే నెక్ పైకి లేచి నా గడ్డం దాకా వచ్చింది. చేయి పూర్తిగా తీసేశాను. గిటారు కదలలేదు, నేను ఏ కోణంలో వదిలానో ఆ కోణంలోనే నిలబడింది. ఆరు కీల బరువు పొడవాటి కర్ర చివరన వేలాడకపోతే వాలడానికి కారణమే ఉండదని అప్పుడు అర్థమైంది. రాత్రి రెండు గంటల దాకా నిలబడి వాయించి, మరునాడు ఎడమ భుజానికి కాపడం పెట్టించుకునే వాళ్లకు ఇది ఎంత పెద్ద విషయమో వివరించనక్కరలేదు.

ఆ తరువాత శ్రుతి సంగతి. మన సినిమా పాటల్లో గమకం లేనిదే పల్లవి కూడా గడవదు. గిటారు మీద గమకం పలికించాలంటే తీగను పక్కకు లాగి, కింది స్వరం నుంచి పై స్వరానికి జార్చి, మళ్లీ సరిగ్గా బయలుదేరిన చోటికి దింపాలి. మామూలు గిటారులో తీగ నెక్ పై కొసన అది ఆనే నట్ అనే పట్టీ గాడి దాటి తల మీది కీ వరకు ఇంకా కొంత దూరం సాగుతుంది కాబట్టి, లాగి వదిలినప్పుడు ఆ గాడిలో ఒక్కోసారి ఇరుక్కుని మొదటి చోటికి పూర్తిగా తిరిగి రాదు. ఆ వెంట్రుకవాసి తేడా నాలుగు పాటలు గడిచేసరికి పెరిగి, కీబోర్డు పక్కన వాయిస్తుంటే చెవికి గుచ్చుకుంటుంది. క్యూ52లో తీగ నెక్ చివరనే స్క్రూ కింద బిగుసుకుపోతుంది, శ్రుతి చేసే కీలన్నీ కుడిచేతి వైపు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరే ఉంటాయి. ఆ రోజు మూడో తీగను పన్నెండో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) దగ్గర ఒకటిన్నర స్వరం మేర ఇరవైసార్లయినా లాగి వదిలాను. ప్రతిసారీ తీగ బయలుదేరిన స్వరం మీదికే వచ్చి వాలింది.

శ్రుతి కుడివైపున సరిచేసుకోవడం మనకు కొత్తేమీ కాదని తరువాత తట్టింది. సరస్వతీ వీణకు శ్రుతి చేసే బిరడలు పైన ఉన్నా, సన్నటి సవరణ కోసం తీగల కింది కొసలను పట్టి ఉంచే నాగపాశం దగ్గర లంగర్లు అనే చిన్న సాధనాలు ఉంటాయి. వయొలిన్ విద్వాంసులు కూడా తీగల కింది కొసలను పట్టి ఉంచే టెయిల్‌పీస్ మీది చిన్న మరలను తిప్పుకుంటారు. నాకు వికారంగా తోచిన ఏర్పాటును మన వైణికులు ఏనాటి నుంచో చేతివేళ్లతో ఎరుగుదురు.

ఈ ఆకారం ఎవరో సరదాకు చేసింది కూడా కాదు. అమెరికాలో ఫర్నిచర్ డిజైనరుగా పనిచేసిన నెడ్ స్టైన్‌బర్గర్ 1970ల చివర బాస్ గిటారు తలను తీసేసి, చెక్కకు బదులు కార్బన్ నారతో బలపరచిన మిశ్రమ పదార్థం వాడి, చిన్న పెట్టె లాంటి బాడీతో కొత్త నమూనాను తయారుచేశారు. తరువాత స్వీడన్‌కు చెందిన ఓలా స్ట్రాండ్‌బర్గ్ తల లేని గిటార్లకు చేతికీ తొడకూ అనువైన బాడీని రూపొందించారు. ఐబనెజ్ సంస్థ 2021లో తెచ్చిన క్యూ వరుస కూడా ఆ బాటలోదే. తీగ పొడవు ఎప్పటిలాగే 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. కాబట్టి వేళ్లు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు నన్ను ఒప్పించినవి మన వాతావరణానికి సంబంధించిన రెండు సంగతులు. ఇందులోని 24 ఫ్రెట్లు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఉప్పుగాలికి, వేసవి చెమటకు మామూలు నికెల్ మిశ్రమపు ఫ్రెట్లు నల్లబడి, గమకాలు లాగి లాగి ఏడాదిన్నరకే గాడులు పడడం నాకు అనుభవం. రెండోది, నెక్‌లోని మేపుల్ చెక్కను వేడిలో కాల్చి తేమ తీసివేయడం. అలా చేసిన చెక్క గాలిలోని తేమకు తక్కువగా స్పందిస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాను తడిపేటప్పుడు నా పాత గిటారు నెక్ వంగి, తీగలు పైకి లేచేవి. దీనితో ఒక వానకాలం గడిపాను. నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్ తిప్పవలసిన అవసరం రాలేదు.

నాదం విషయంలో తల లేకపోతే స్వరం తొందరగా ఆగిపోతుందని నేను కూడా నమ్మేవాణ్ని. నా చెవికి ఆ లోటు వినిపించలేదు. తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే రెండు హంబకర్ పికప్‌లు ఉండడం వల్ల జనరేటర్లూ సీరియల్ సెట్లూ నిండిన మండపాలలో వచ్చే ఆ గీపెట్టే మోత బాగా తగ్గింది, ఎందుకంటే ఒక్కో హంబకర్ లోపల ఒకదానికొకటి ఎదురుగా పనిచేసే రెండు తీగచుట్లు ఆ మోతను తమలో తామే రద్దు చేసుకుంటాయి. మెలోడీ పాటలకు మాత్రం ఒకే తీగచుట్టు ఉండే నా పాత సింగిల్ కాయిల్ గిటారులోని సన్నటి తీపి దీనిలో లేదు. ఆ పాటలకు ఇప్పటికీ పాతదాన్నే బయటికి తీస్తాను.

ప్రయాణం గురించి ఒక్క మాట. కావలిలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పాత గిటారును మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చోవడం తప్పేది కాదు. ఇది సుమారు జానెడు పొట్టి కావడంతో సామాను పెట్టే అరలో ఇతరుల సంచుల పక్కన ఒదిగిపోతుంది.

ఇబ్బందులు ఉన్నాయి, వాటిలో చాలావరకు తల లేని గిటార్లన్నింటికీ సమానమే. శ్రుతి చూపించే క్లిప్ ట్యూనర్‌ను తగిలించడానికి తల లేదు కాబట్టి, కాలి దగ్గర పెట్టుకునే పెడల్ ట్యూనర్ కొనుక్కోవాలి. గోడకు వేలాడదీసే మామూలు కొక్కెం పనికిరాదు. పాటకూ పాటకూ మధ్య, శ్రుతి పెంచడానికి నెక్ మీద బిగించే కేపో అనే పట్టును తీసి తల మీద బిగించి ఉంచుకునే అలవాటు ఉన్నవారు దాన్ని జేబులో వేసుకోక తప్పదు. మన ఊళ్ల దుకాణాలలో ఈ రకం దొరకడం అరుదు. నేను నెల్లూరుకు సుమారు 175 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి వెళ్లి, మూడు గిటార్లు చేతిలో పట్టుకుని చూసి ఒకటి ఎంచుకున్నాను. రెండు పెళ్లిళ్ల సీజన్ల సంపాదనలో పెద్ద భాగం దీనికే పోయింది కాబట్టి, మొదటి గిటారుగా పిల్లలకు దీన్ని కొనిపెట్టమని నేను ఎవరికీ చెప్పను.

అన్నింటికన్నా ముఖ్యమైనది అలెన్ కీ, అంటే ఆరు పలకల గుంత ఉన్న స్క్రూను తిప్పే చిన్న వంకర కడ్డీ. దీనికి మామూలు తీగలే సరిపోతాయి గానీ, తీగ మార్చాలంటే నెక్ చివరి స్క్రూను ఆ కీతోనే వదులు చేయాలి. ఒంగోలులో ఒక రిసెప్షన్ మధ్యలో మొదటి తీగ తెగినప్పుడు సంచిలో కొత్త తీగ ఉంది, కీ మాత్రం కావలిలో ఇంటి దగ్గర ఉండిపోయింది. మిగిలిన పాటలన్నీ అయిదు తీగల మీదే ముగించవలసి వచ్చింది. ఆ మరునాడే గట్టి దారంతో కీని స్ట్రాప్‌కు కట్టేశాను.