బిల్లసర్గం ఎముకల గురించి ఎగ్మూరులో రెండు గంటలు

చెన్నైలోని తెలుగువారి కోసం ఒక చిన్న బృందం నెలకొకసారి నిర్వహించే పురాచరిత్ర పరిచయ కార్యక్రమానికి గత ఆదివారం ఐదు వందల రూపాయలు కట్టి వెళ్లాను. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ సేకరించిన రాతి పనిముట్లను చూపి, ఆ తరువాత దగ్గరలోని ఒక అద్దె గదిలో తెర మీద బొమ్మలతో ప్రసంగం చేస్తారు. కట్టిన రుసుము గిట్టుబాటైంది బిల్లసర్గం గుహల్లో దొరికిన ఎముకల మీద సాగిన ఈ ప్రసంగం వల్లే.

1863లో చెన్నై దగ్గరి పల్లావరంలో పాతరాతియుగపు చేతిగొడ్డలిని గుర్తించిన ఫూట్ పేరు ఇక్కడ చాలామంది విన్నదే. ఆయనే 1884లో కర్నూలు ప్రాంతంలోని బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను తవ్వించాడన్న సంగతి కర్నూలు నుంచి వచ్చి స్థిరపడిన నాకే తెలియదు. అక్కడ ఎముకలున్నాయని న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లోనే రాశాడు. అయితే ఇంగ్లండులోని బ్రిక్స్‌హామ్ గుహలో 1858లో గచ్చులా గట్టిపడిన సున్నపు పొర కింద, అంతరించిన జంతువుల ఎముకలతోపాటు చెకుముకిరాతి పనిముట్లు దొరికిన తరువాతే, మనిషి ఎంత పాతవాడో గుహల్లో వెతకాలన్న ఆసక్తి బలపడింది. మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ హయాంలో ఫూట్ మొదలుపెట్టిన తవ్వకాన్ని సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు హెన్రీ 1885లో కొనసాగించాడు. మనవాళ్లు 'గవి' అనే చోటుకు తండ్రీకొడుకుల కాలంలో 'కెథడ్రల్' (పెద్ద చర్చి), 'చార్నెల్ హౌస్' (ఎముకల కొట్టు) వంటి పేర్లు వచ్చాయని విన్నప్పుడు గదిలో నవ్వులు వినిపించాయి.

ఖడ్గమృగం దవడపంటి నకలును చేతికిచ్చి, ఎముక చివికిపోయినా పింగాణీ పొర వల్ల పన్ను ఎలా నిలుస్తుందో, దాని మీది గట్ల అమరికను బట్టి జాతిని ఎలా గుర్తిస్తారో వక్త ఓపికగా వివరించారు. ఈ ఎముకలను పరిశీలించిన పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు.

నాకు నచ్చనిది ఒకటుంది. ఎముకల మీది గాట్లు మనిషి పనేనని హెన్రీ భావించినట్టే వక్త కూడా చెప్పుకుపోయారు. ముళ్లపందులు, దుమ్ములగొండ్లు కొరికినా అటువంటి గాట్లు పడతాయి కదా అని అడిగితే సమయం లేదన్నారు. కర్నూలు ప్రాంతంలోనే ఉన్న మరో గుహ ముచ్చట్ల చింతమాను గవిలో 1970ల నాటి తవ్వకాలను కూడా ఒక్క వాక్యంలో దాటేశారు.

వెళ్లేవారు ముందు వరుసలోనే కూర్చోవాలి. వెనుక ఫ్యాను చప్పుడులో మాట సగమే వినిపిస్తుంది.